తలకిందుల స్తంభాలు

ఫాల్గుణం సగమైనా ఆ ఇంటి నక్షత్రాలు తడారలేదు. భానుజకు మొదటి అనుమానం అక్కడే పుట్టింది.

నక్షత్రాలంటే ఆకాశంలోవి కావు. చింతపల్లి కొండల్లో, జీలుగొంది అనే ముప్పై గడపల ఊరికి ఎగువన, సిల్వర్ ఓక్ మానులతో కట్టిన చెక్క విడిది ఒకటుంది. ఆరు గదులు, ముప్పై ఆరు స్తంభాలు. ఒక్క మేకు లేదు, చిటికెడు సిమెంటు లేదు. ప్రతి స్తంభానికీ పైన ఎనిమిది కోణాల నక్షత్రం, అడుగున మెలికలు తిరిగిన గీత చెక్కి ఉంటాయి. రెండూ లాత్వియా దేశపు పల్లెల్లో పాతకాలం నుంచి ఉన్న గుర్తులు. నక్షత్రం వేకువ చుక్కట, అది గుమ్మం మీద ఉంటే చెడు లోపలికి రాదట. మెలికల గీత మారా అనే తల్లి గుర్తట, నీళ్ళు ఆవిడ పాలనలో ఉంటాయట. ఇవన్నీ చెప్పింది ఇల్జె. రీగా నగరంలో భానుజకు కలపశాస్త్రం నేర్పిన పంతులమ్మ, అరవై రెండేళ్ళ మనిషి, ఈ విడిదికి బొమ్మ గీయడానికే పనిగట్టుకుని వచ్చింది. జీలుగొంది వాళ్ళు ఆమెను ఇల్జమ్మ అని పిలుచుకునేవారు.

అయితే ఇంటి కిటుకంతా గుర్తుల్లో లేదు, కలపలో ఉంది. కొట్టిన చెట్టు చచ్చిన చెట్టే అని లోకమంతా అనుకుంటుంది. భానుజ ఏడేళ్ళు కళ్ళు కాయలు కాసేలా చూసి ఒక బూజును పెంచింది. పచ్చి మానులోకి దాన్ని ఎక్కిస్తే, చెట్టు బతికుండగా నీళ్ళు పారిన సన్నటి గొట్టాలన్నిటా అది అల్లుకుపోయి, చెట్టు ఆపేసిన పనిని తను మొదలుపెడుతుంది. ఆ కలపకు చెద పట్టదు. బీట వారితే తనే పూడ్చుకుంటుంది. లాబ్‌లో ఆ బూజుకు ఏదో నంబరు ఉండేది గాని, భానుజ తండ్రి లక్కోజు సన్యాసాచారి మొదటిసారి గిన్నెలో చూసినప్పుడే "పెరుగు తోడులాగుంది" అన్నాడు. అప్పటి నుంచి అందరికీ అది తోడే అయింది.

తోడుకు ఒక మంకుపట్టు ఉంది. చెట్టు ఎటు నడిపిందో అటే నీళ్ళు నడుపుతుంది, మొదలు నుంచి కొసకు. వెనక్కి నడపమంటే నడపదు. అందుకే భానుజ బొమ్మలో స్తంభాలన్నీ తిరగేసి నిలబెట్టమని ఉంది, మొదలు పైకి, కొస కిందికి. చలికాలంలో ఆ కొండల మీద కమ్ముకునే మంచును పైనున్న నక్షత్రపు గాడులు తాగుతాయి, ఆ నీరు మానులో దిగి అడుగు గాడుల్లోంచి నేలలో ఇంకుతుంది. దిగువనున్న ఊట ఎండాకాలంలో సన్నబడదు. ఊరి పొలిమేరలో ఇల్లు కట్టుకోనిమ్మని అడిగిన రోజు భానుజ ఊరికి ఇచ్చిన మాట అదే. ఊరిపెద్ద కొర్రా మత్స్యరాజు మిగతా మాటలన్నీ గోడకేసి చూస్తూ విన్నాడు, నీళ్ళ మాట వచ్చాకే ఆమె మొహం చూశాడు.

మాఘం చివరికే మంచు పోయింది. చినుకు పడలేదు. అయినా స్తంభం ఎక్కి నక్షత్రం మీద అరచెయ్యి పెడితే చల్లగా తడి తగులుతోంది. గదులన్నీ కుండలో నీళ్ళంత చల్లగా ఉన్నాయి. పెట్టుబడి పెట్టిన పరిశోధన సంస్థ నుంచి ఇద్దరు అధికార్లు వచ్చి రెండు రోజులు పడుకుని, ఫ్యాను కూడా అక్కర్లేదని మురిసిపోయి వెళ్ళారు. భానుజ కూడా మొదట్లో మురిసింది. ఎవరి పిల్ల వాళ్ళకు ముద్దు కదా. తర్వాతే ఆమెకు తోచింది, మంచు లేనప్పుడు ఈ తడి ఎక్కడిదని.

ఆ వారంలోనే కాసులమ్మ పనికి ఆలస్యంగా రావడం మొదలైంది. యాభై ఏళ్ళ ఒంటరి మనిషి, విడిదిలో వంట ఆమెదే. ఊట దగ్గర బిందె నిండడానికి గంట పడుతోందని, ఆడవాళ్ళు వరసలో తన్నుకుంటున్నారని చెప్పింది. పోయినేడు ఇదే నెలలో చేతిలావు ధార పడేదట. ఇప్పుడు వేలిలావు కూడా లేదు.

భానుజకు ముందుగా అనుమానం వచ్చింది ఊరివాళ్ళ మీదే. దిగువన కాఫీ నారుమళ్ళు వేశారు, ఎవరో పైపు వేసి ఊట నీళ్ళు మళ్ళించుకుంటున్నారేమో అనుకుంది. మత్స్యరాజును వెంటబెట్టుకుని గెడ్డ వాగు పొడవునా నడిచి, ప్రతి పొదా కర్రతో తప్పించి చూసింది. పైపూ లేదు, గొట్టమూ లేదు. తిరిగొస్తున్నప్పుడు మత్స్యరాజు నాలుగడుగులు ముందే నడిచాడు. మమ్మల్ని దొంగల కింద కట్టావు గదా అన్నట్టు ఆయన వీపే చెప్పింది. అందరూ శ్రీవైష్ణవులే గాని బుట్టలో రొయ్యలు ఏమయ్యాయో అని భానుజ లోలోపల గొణుక్కుంది.

తర్వాత అనుమానం ఇల్జె మీదికి మళ్ళింది. వారానికోసారి ఆమె చిన్న గాజు గొట్టాలు పెట్టెలో సర్ది రీగాకు పంపుతుంది. నీలం అట్ట పుస్తకంలో ఏదో రాస్తుంది, ఎవరైనా వస్తే మూసేస్తుంది. తోడును మార్చి వేరే రకం పరీక్ష ఏదైనా చేస్తోందా? తనకు తెలియకుండా స్తంభాల మీద ప్రయోగం నడుస్తోందా? గురువును అనుమానించడం పాపమని తెలుసు, అయినా ఒక మధ్యాహ్నం ఇల్జె స్నానానికి వెళ్ళగానే భానుజ ఆ పుస్తకం తెరిచింది. లోపలున్నవి జీలుగొంది గోడల మీది బొమ్మలు. ఏ ఇంటి ఎర్రమట్టి ఏ రంగో, ఏ తెల్లమన్ను ఎక్కడ దొరికిందో, పక్కనే కాసులమ్మ మొహం పెన్సిలుతో. గొట్టాల్లో పంపుతున్నది ఆ మన్నులే. భానుజ పుస్తకం ఉన్నచోటే పెట్టింది గాని కాస్త వంకరగా పెట్టినట్టుంది. మర్నాటి నుంచి ఇల్జె దాన్ని బల్ల మీద తెరిచే ఉంచింది. తిడితేనే బాగుండేది.

అనుమానం పెనుభూతం అన్నారు. ఆ భూతం విడిదిలో ఒక్కచోటే కూర్చోలేదు, దిగువన ఊళ్ళోకీ దిగింది. ఊట అడుగంటాక బురద నీళ్ళు తాగి ఇద్దరు పసిపిల్లలకు విరేచనాలు పట్టుకున్నాయి. ఒక పిల్లను నర్సీపట్నం ఆసుపత్రికి మోసుకెళ్ళారు. అప్పుడు ఎవరికో కాసులమ్మ గోడ గుర్తొచ్చింది. ఇల్జె గీసిన నక్షత్రం చూసి ముచ్చటపడి కాసులమ్మ కార్తీకంలో తన గుమ్మం పక్కన తెల్లమన్నుతో అదే నక్షత్రం వేసుకుంది. ఊళ్ళో ఇంకే గోడకూ లేదు. ఆ గుర్తు పడ్డాకే ఊట సన్నబడిందని ఒకరు అన్నారు. రాత్రి కుక్కలు ఆ ఇంటి వైపే మొరుగుతున్నాయని ఇంకొకరు అన్నారు. మూడో మనిషి నోట చిల్లంగి అనే మాట వచ్చేసింది. ఆ కొండల్లో ఆ మాట ఒకసారి పైకి వచ్చిందంటే వెనక్కి మింగడం ఎవరివల్లా కాదు. చేతబడి చేసిందని నమ్మితే ఊళ్ళోంచి తరిమేస్తారు. తరమడంతో ఆగని సందర్భాలు కూడా ఉన్నాయి.

సోమవారం కాసులమ్మ పనికి రాలేదు. గురువారం పొద్దున ఊరంతా కళ్ళంలో కూర్చుని ఆమె సంగతి తేలుస్తారని కబురొచ్చింది. ఇల్జె వెంటనే చెప్పులు వేసుకుంది. ఆ నక్షత్రం కీడు చేసేది కాదు, కీడును ఆపేదని తనే వెళ్ళి చెబుతానంది. భానుజే ఆపింది. పరాయి దేశపు మనిషి చెబితే మంటలో నెయ్యి పోసినట్టవుతుందని, ముందు కారణం కనిపెట్టనిమ్మని నచ్చజెప్పింది. అందులో నిజముంది. ఇంకొక సంగతి కూడా ఉంది, అది ఇల్జెకు చెప్పలేదు. భానుజకు మూడో మనిషి మీద అనుమానం మొదలైంది. ఆ మూడో మనిషి సొంత తండ్రి.

సన్యాసాచారిది ఏటికొప్పాక దగ్గర పల్లె. అరవై తొమ్మిదేళ్ళు. ఉలి పట్టని రోజంటూ ఆయన బతుకులో లేదు. పనిలో దిగాక పక్కన పిడుగు పడినా తలెత్తడు. విడిది కట్టే రోజుల్లో ఆయనకూ ఇల్జెకూ ఒక్క భాష కలవకపోయినా భలే కుదిరింది. కృష్ణపక్షంలో కొట్టిన మానుకు పురుగు పట్టదని ఆచారి వేళ్ళ మీద తిథులు లెక్కపెట్టి చూపిస్తే, మా తాతా అదే అనేవాడని ఇల్జె ఎగిరి గంతేసినంత పని చేసింది. అలాంటి మనిషి, ఇల్లు పూర్తయ్యాక ఏ స్తంభం మీదా చెయ్యి వేయడం లేదు. తను కట్టిన ప్రతి ఇంట్లోనూ వెళ్ళేముందు స్తంభాలన్నీ ఒకసారి నిమిరి వెళ్ళే అలవాటు ఆయనది. నక్షత్రాల తడి మాట భానుజ ఎత్తినప్పుడల్లా ఆయనకు ఏదో పని గుర్తొచ్చేది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ అడక్కపోయినా ఒకరోజు, "బొమ్మలో ఉన్నట్టే చెక్కినాను, కావలిస్తే కొలుసుకో" అన్నాడు.

భానుజ కొలిచింది. అన్నీ బొమ్మలో ఉన్నట్టే ఉన్నాయి. నక్షత్రం పైన, మెలిక కింద. అసలు చిక్కు అదే. నక్షత్రాన్ని ఎటు తిప్పినా నక్షత్రమే, మెలికను ఎటు తిప్పినా మెలికే. నిలబెట్టాక చెక్కిన గుర్తులు మాను ఎటు నిలబడిందో చెప్పవు. చెప్పాల్సింది లాబ్‌లో మొదలు వైపు పూసిన ఎర్ర రంగు. అదీ ఉండాల్సిన చోటే, పైనే ఉంది. కానీ స్తంభాలు నిలబెట్టిన పన్నెండు రోజులూ భానుజ టైఫాయిడ్‌తో నర్సీపట్నంలో మేనత్త ఇంట్లో పడి ఉంది, ఇల్జె ఆమె మంచం పక్కనే ఉంది. ఇక్కడ ఆచారీ, ఆయన మనుషులూ తప్ప ఎవరూ లేరు.

మంగళవారం పొద్దున భానుజ బట్టలకు వేసే నీలిమందు సీసా మొత్తం బకెట్ నీళ్ళలో కలిపి, వసారా చివరి స్తంభం అడుగున పోసింది. మొదలు పైకి ఉంటే ఆ నీలం నేలలోకి పోవాలి, పైకి ఒక్క చుక్క రాకూడదు. పోసి వచ్చి కూర్చుంది. ఉత్తరాలు రాసింది, చించేసింది. మధ్యాహ్నం మూడింటికి నిచ్చెన వేసుకుని ఎక్కి చూస్తే నక్షత్రం ఎనిమిది కోణాలూ నీలంగా ఉన్నాయి.

నిచ్చెన మీదే లెక్క వేసింది. ముప్పై ఆరు స్తంభాలు. ఒక్కోటి రోజుకు రెండు వందల లీటర్లు తోడుతుందనుకున్నా ఏడు వేలు దాటుతుంది. ఆ ఊట ఇచ్చేదే అంత. కొండకు నీళ్ళివ్వమని పెంచిన ఇల్లు కొండ కడుపులో నీళ్ళు పీల్చి గాలిలోకి ఊదేస్తోంది. అధికార్లు మురిసిన చల్లదనం జీలుగొంది బిందెల్లోది.

ఆచారి వెనక పెరట్లో రంపానికి ఆకురాయితో పళ్ళు తీరుస్తున్నాడు. భానుజ ఎదురుగా కూర్చుంది. ఆమె వేళ్ళకంటిన నీలం ఆయన చూశాడు, చూసి మళ్ళీ పనిలో పడ్డాడు.

"నాన్నా, మాను ఎటు నిలబెట్టావు?"

"ఎలగ పెరిగిందో అలగే నిలబెట్టినాను. మొదలు కిందకి, కొస పైకి. మీ తాత నాకు నేర్పింది అదే."

"ఎర్ర రంగు పైనే ఉంది."

"రంగున్న మొదలు బెత్తెడు కోసీసి, కొసకి పూసినాను."

ఇంత సులువుగా ఒప్పుకుంటాడని ఆమె అనుకోలేదు. ముందే ఎందుకు చెప్పలేదని అడిగితే, చెబితే నువ్వు ఒప్పుకుంటావా అన్నాడు. నీళ్ళ దారి గురించి ఎన్నిసార్లు చెప్పాను అని ఆమె గొంతు పెంచింది. చెప్పిందంతా విన్నానని, నీళ్ళు ఎటైనా కిందికే పోతాయి గదా, మాను ఎటుంటే ఏమని అనుకున్నానని అన్నాడు. తర్వాత రంపం పక్కన పెట్టాడు.

"మీ అమ్మ పోయిన ఏడు, ఎలమంచిలిలో ఒకరి ఇంటికి పెళ్ళి ముహూర్తం తొందరని స్తంభం తలకిందులుగా నిలబెట్టీసినాను. సూసుకోలేదు. నిలబెట్టినాక తెలిసింది. మళ్ళీ పీకితే పరువు పోద్దని ఊరుకున్నాను. మూడు నెల్లకి మీ అమ్మ పోయింది. ఇరవైరెండేళ్ళయింది, ఈ మాట ఎవులికీ సెప్పలేదు. నీ మొదటి ఇంటికి ముప్పై ఆరు మానులు తలకిందులు నిలబెట్టమన్నావు. నా సేతుల్తో ఎలగ నిలబెడతానే?"

భానుజకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. అమ్మ పోయింది కిడ్నీలు పాడైపోయి. స్తంభానికీ దానికీ సంబంధం లేదని చెప్పడానికి నోరు తెరిచి, ఆయన మొహం చూసి మూసుకుంది. ఈ మనిషి ఇరవైరెండేళ్ళుగా తనే భార్యను చంపుకున్నానని మోస్తూ తిరుగుతున్నాడు. కూతుర్ని కాపాడుకోవాలనే చేశాడు. చేసి ఊరి గొంతు తడారబెట్టాడు.

ఆచారి అడిగింది ఒక్కటే. నెల రోజులు టైమిస్తే, మరమ్మతు అని పేరు పెట్టి ఒక్కో స్తంభం తిప్పేస్తానన్నాడు, ఎవరికీ తెలియకుండా. ఈ మాట పొక్కితే లక్కోజోరి సన్యాసాచారి కట్టిన ఇల్లు ఊరి నీళ్ళు తాగేసిందంటారు, నా దగ్గర ఉలి పట్టినవాళ్ళకు కూడా ఇంక పని ఇవ్వరు అన్నాడు. ఆయన గొంతులో అలాంటి బతిమాలుడు భానుజ పుట్టాక వినలేదు.

గురువారం దాకా ఆగుదాం అనుకుంది. పంచాయితీ గురువారమే గదా, ఈలోగా ఏం మునిగిపోతుంది, ఆలోచించుకుని ఏదో దారి చూడొచ్చు అని తనకు తనే చెప్పుకుంది. కాసులమ్మ సంగతి మనసులోకి రాలేదని అంటే అబద్ధం. వచ్చింది. వచ్చినప్పుడల్లా పక్కకు తోసింది.

బుధవారం మధ్యాహ్నం ఇల్జె ఊళ్ళోంచి పరుగున వచ్చింది. గురువారం దాకా ఆగే ఓపిక ఊళ్ళో లేకపోయింది. ఆసుపత్రిలో ఉన్న పిల్లకు నీరసం ఎక్కువైందని కబురు రాగానే పదిమంది కాసులమ్మ ఇంటి మీద పడ్డారు. పైకప్పు పీకేశారు, గోడ మీది నక్షత్రాన్ని గునపంతో గోడతో సహా తవ్వేశారు. గాదెలోని సామలు వాకిట్లో కుమ్మరించారు. ఆమెను కొట్టలేదు, మత్స్యరాజు అడ్డుపడ్డాడు. అదొక్కటే తక్కువ. భానుజ వెళ్ళేసరికి కాసులమ్మ గొంగళి కప్పుకుని కళ్ళం అంచున కూర్చుని ఉంది. పలకరిస్తే తలెత్తలేదు. భానుజ కుమ్మరించిన సామలు దోసిళ్ళతో ఎత్తబోయింది, సగం మన్నే వచ్చింది.

గురువారం పొద్దున కళ్ళంలో ఊరంతా కూర్చుంది. ఆచారి కూడా వచ్చి ఒక చివర నిలబడ్డాడు. భానుజ తెల్లవారుజామునే ఒక నిర్ణయానికి వచ్చింది. తప్పు తన మీద వేసుకుంటుంది. తండ్రి పేరు రాదు, కాసులమ్మ బయటపడుతుంది. ఊట ఎండిపోవడానికి కారణం కాసులమ్మ కాదని, ఎగువనున్న ఇల్లని, నీలిమందు పోసి చూశానని, నేల నీళ్ళు నక్షత్రాల్లోకి ఎక్కుతున్నాయని చెప్పింది. బొమ్మ గీయడంలో తనే పొరబడ్డానంది. జనం ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. వాళ్ళు అనుమానించిన గుర్తు సరైనదే, గుమ్మమే తప్పు. అది అర్థమవడానికి కొంత సేపు పట్టింది.

మత్స్యరాజు మాత్రం ఆమెనే చూస్తున్నాడు.

"బొమ్మ తప్పయితే కట్టినోడికి తెలవదా మేడమ్? మీ నాయన మాను ముట్టుకుని మొదలేదో కొసేదో సెప్తాడు. ఆయన కళ్ళు కప్పి తప్పు బొమ్మ ఎలగ కట్టించినావు? మొన్న మమ్మల్ని నీళ్ళ దొంగలన్నావు. ఇయాల నీ మాటెందుకు నమ్మాల?"

భానుజ తడబడింది. ఇంకో అబద్ధం వెతుక్కుంటుండగా వెనక నుంచి తండ్రి గొంతు వినబడింది.

"బొమ్మ సరైందే. నానే తిరగేసి కట్టినాను. అమ్మడికి తెలీదు."

ఆయన ముందుకు వచ్చి నిలబడ్డాడు. ఎందుకు తిరగేశాడో కూడా చెప్పాడు, ఎలమంచిలి స్తంభంతో సహా, ఏమీ దాచకుండా. ఊళ్ళో పెద్దవాళ్ళు కొందరు తలలు ఊపారు. మానును తలకిందులుగా పాతకూడదని వాళ్ళకూ తెలుసు. ఆ తెలిసినదే తమ ఊటను తాగేసిందంటే మింగుడు పడక, ఋజువు చూపించమన్నారు. ఆచారి విడిది వైపు నడిచాడు. ఊరంతా ఆయన వెనకే కొండెక్కింది.

వసారా చివరి స్తంభం మీది దూలానికి ఆయన ముందు ఆసరాగా రెండు పోటు కర్రలు పెట్టి బిగించాడు. సాయం పట్టబోయిన మనుషుల్ని వద్దన్నాడు. నేలకు జానెడు ఎత్తున రంపం ఆనించి కోయసాగాడు. బతికున్న కలప, రంపానికి అంటుకుని జిగురుగా సాగుతోంది. సగం తెగేసరికే ఆయన పంచె మోకాళ్ళ దాకా తడిసింది. పూర్తిగా తెగి స్తంభం పక్కకు ఒరిగాక, నేలలో మిగిలిన మొద్దు నుంచి నీళ్ళు ఉబికాయి. ముందు నీలంగా వచ్చి తర్వాత తేటపడ్డాయి. ఎంతకీ ఆగలేదు. వసారా నిండి, మెట్లు దిగి, నిలబడ్డ వాళ్ళ కాళ్ళ కిందికి వచ్చాయి. ఒక ముసలావిడ వంగి దోసిట్లో పట్టి రుచి చూసింది. మన ఊట నీళ్ళే అంది.

కాసులమ్మ ఎక్కడుందో అని భానుజ జనంలో వెతికింది. ఆమె కొండ ఎక్కి రాలేదు.

మిగతా ముప్పై అయిదు స్తంభాలూ తిప్పడానికి ఆషాఢం దాకా పట్టింది. పరిశోధన సంస్థ వాళ్ళు రెండుసార్లు నోటీసు పంపారు, భానుజ రెండింటికీ ఉన్నది ఉన్నట్టు జవాబు రాసింది. ఆచారి ఒక్కో మానును మొదలు పైకి నిలబెట్టే ముందు కాసేపు కళ్ళు మూసుకునేవాడు. ఏమనుకునేవాడో ఎవరికీ చెప్పలేదు. ఆయన దగ్గర పని నేర్చుకున్న ఇద్దరు వేరే మేస్త్రి దగ్గరికి వెళ్ళిపోయారు. వానలకు ఊట కోలుకుంది. ఆసుపత్రి పిల్ల ఇంటికి తిరిగొచ్చింది. ఊరు చందాలు వేసుకుని కాసులమ్మకు కప్పు వేసి, గోడ కట్టి ఇచ్చింది. అందరూ చేతులు కలిపారు, భానుజా ఇల్జే కూడా మట్టి తొక్కారు. ఆ ఇంట్లో ఆమె పన్నెండు రోజులే ఉంది.

పైకి ఎవరూ ఏమీ అనడం లేదు. కానీ ఆమె ఊట దగ్గరికి వస్తే ఆడవాళ్ళు బిందెలు తీసి పక్కకు జరిగేవారు. సిగ్గుతో జరిగారో భయంతో జరిగారో వాళ్ళకే తెలియదు. తల్లులు పిల్లల్ని కొంగు చాటుకు తీసుకునేవారు. లోతుగెడ్డ అనే ఊళ్ళో ఉన్న చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతున్నానని కాసులమ్మ మత్స్యరాజుకు చెప్పింది. ఆయన ఆపబోయాడు, ఆమె వినలేదు.

వెళ్ళే రోజు విడిదికి వచ్చింది. మూట కింద పెట్టి, వంటింట్లో తన గిన్నెలు రెండు తీసుకుంది. ఇల్జె ఏడ్చి ఆమె చేతులు పట్టుకుంది, కాసులమ్మ ఆ చేతులు నెమ్మదిగా నిమిరి విడిపించుకుంది. భానుజ దారి దాకా వెంట నడిచింది. అక్కడ కూడా వంట పని చూసిపెడతానని, ఎప్పుడు కావాలంటే అప్పుడు తిరిగి రమ్మని, ఏవేవో చెబుతూనే ఉంది. కాసులమ్మ అన్నీ విని, మూట నెత్తికెత్తుకునే ముందు ఆగింది.

"ఒక మాట అడగాల అమ్మా. ఆ నీలిమందు పోసింది ఏ రోజు?"

అబద్ధం చెప్పడానికి ఒక్క క్షణం చాలు, ఆ క్షణం కూడా భానుజకు దొరికింది. వాడుకోలేకపోయింది.

"మంగళవారం, పిన్నీ."

కాసులమ్మ తలూపింది. వేళ్ళ మీద ఏమీ లెక్కపెట్టలేదు, లెక్క ఆమె దగ్గర ఎప్పుడో ఉన్నట్టుంది.

"నా ఇల్లు పీకింది బుధవారం" అంది. మూట ఎత్తడానికి భానుజ చెయ్యి వేయబోతే, దాన్ని ఇవతలికి లాక్కుని, తనే నెత్తిన పెట్టుకుని దిగువకు నడిచింది.